స్వచ్ఛ ఇంధన చట్టాలు, ఉపాధి: శాసనకర్తలకు విన్నవించే విధానం

పరిచయం

విద్యుత్తును బొగ్గుతో తయారుచేయాలా, ఎండతో తయారుచేయాలా అన్నది ఇంజనీర్లు తేల్చే విషయమని చాలామంది అనుకుంటారు. యంత్రం వరకే చూస్తే అది నిజమే. కాని ఆ యంత్రం ఎవరి భూమిలో నిలబడుతుంది, దానికి అప్పు ఏ వడ్డీకి దొరుకుతుంది, అక్కడ పుట్టిన కరెంటును డిస్కం తప్పనిసరిగా కొనాలా వద్దా, పాత గని మూతపడితే అందులో పనిచేసినవారికి ఏమవుతుంది అనే ప్రశ్నలకు జవాబు చెప్పేది చట్టం. చట్టం చేసేవారు మీరు ఓటు వేసి పంపినవారు. గత పాఠంలో మీరు ప్రభావ వర్గాల గురించి సాధారణంగా తెలుసుకున్నారు. ఈ పాఠంలో ఒకే అంశాన్ని తీసుకుని, పౌరులు, కార్మిక సంఘాలు, పరిశ్రమలు శాసనకర్తల దగ్గరకు ఎలా వెళతాయో, వెళ్ళినప్పుడు ఏది ఫలిస్తుందో, ఏది ఫలించదో వివరంగా పరిశీలిద్దాం.

ఈ అంశంలో 'ఉపాధి' అనే మాట ఎందుకు ఇంత తరచుగా వినిపిస్తుందో ముందుగా అర్థం చేసుకోవాలి. వాతావరణ మార్పు వల్ల కలిగే నష్టం అందరిదీ, అది నెమ్మదిగా జరిగేది. గని మూతపడటం వల్ల కలిగే నష్టం కొన్ని ఊళ్ళది, అది వెంటనే తెలిసేది. శాసనకర్త తన నియోజకవర్గాన్ని చూసి నిర్ణయం తీసుకుంటాడు కాబట్టి రెండవ నష్టమే అతని చెవికి ముందుగా చేరుతుంది. అందువల్ల స్వచ్ఛ ఇంధనాన్ని కోరేవారు 'దీనివల్ల ఉద్యోగాలు వస్తాయి' అనే వాదనను ముందుకు తెచ్చారు. ఆ వాదన తప్పు కాదు, అయితే సగమే చెబుతుంది.

మిగిలిన సగం ఏమిటో చూడండి. సౌర విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది: నేల చదును చేయడం, స్తంభాలు పాతడం, పలకలు బిగించడం, తీగలు లాగడం. కట్టడం పూర్తయ్యాక కావలసింది పలకలు కడిగేవారు, గడ్డి కోసేవారు, కాపలాదారులు, కొద్దిమంది టెక్నీషియన్లు మాత్రమే. బొగ్గు గనిలో ఉద్యోగం అలా కాదు. సింగరేణిలో పర్మినెంట్ కార్మికుడికి వేతన ఒప్పందం ఉంది, క్వార్టర్ ఉంది, కంపెనీ ఆసుపత్రి ఉంది, పెన్షన్ ఉంది. అందుకే కొత్త ఉద్యోగాల సంఖ్యను, పోయే ఉద్యోగాల సంఖ్యను పక్కపక్కన పెట్టి కూడికలు తీసివేతలు చేసినంత మాత్రాన గోదావరిఖనిలోనో, కొత్తగూడెంలోనో ఎవరినీ ఒప్పించలేరు. ఉద్యోగం ఎవరికి, ఎక్కడ, ఎంతకాలం, ఏ వేతనానికి అన్న నాలుగు ప్రశ్నలకు చట్టంలోనే జవాబు ఉందా లేదా అన్నదే అసలు విషయం. ఈ పాఠం చదువుతున్నంతసేపూ ఆ నాలుగు ప్రశ్నలను గుర్తుంచుకోండి.

అమెరికా అనుభవం

ఈ విషయంలో అమెరికా చరిత్ర మనకు బాగా పనికివస్తుంది. ఒకే దేశంలో, దాదాపు ఒకే లక్ష్యంతో వచ్చిన రెండు ప్రయత్నాలలో ఒకటి విఫలమైంది, మరొకటి చట్టమైంది. ఆ చట్టంలో కూడా పెద్ద భాగాన్ని మూడేళ్ళకే వెనక్కు తీసుకున్నారు.

మొదటిది 2009 నాటిది. హెన్రీ వాక్స్‌మన్, ఎడ్వర్డ్ మార్కీ అనే ఇద్దరు ప్రతినిధుల సభ సభ్యులు తెచ్చిన బిల్లు అది. పరిశ్రమలు వదిలే కర్బన ఉద్గారాలకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టి, ఆ పరిమితిలోపు అనుమతులను కొనుక్కోవడానికి, అమ్ముకోవడానికి వీలు కల్పించడం దాని ప్రధాన ఉద్దేశం. 2005 స్థాయితో పోలిస్తే 2020 నాటికి ఉద్గారాలు 17 శాతం తగ్గాలని అందులో ఉంది. 2009 జూన్ 26న ప్రతినిధుల సభ 219–212 ఓట్లతో దానిని ఆమోదించింది. తేడా ఏడు ఓట్లే. బిల్లు సెనేట్‌కు వెళ్ళాక ముందుకు కదలలేదు. సభలో అవసరమైన ఓట్లు లేవని 2010 జూలైలో మెజారిటీ నాయకుడు హ్యారీ రీడ్ ఆ ప్రయత్నాన్ని వదులుకున్నట్లు ప్రకటించాడు.

ఆ బిల్లు ఓటింగుకు ముందు జరిగిన ఒక సంఘటన ఈ పాఠానికి నేరుగా సంబంధించినది. వర్జీనియా రాష్ట్రానికి చెందిన టామ్ పెరియెల్లో అనే సభ్యునికి, బిల్లును వ్యతిరేకించమని కోరుతూ కొన్ని ఉత్తరాలు వచ్చాయి. అవి అతని నియోజకవర్గంలోని స్థానిక సంఘాల పేర్లతో ఉన్నాయి. వాటిలో ఒకటి లాటిన్ అమెరికన్ వలస కుటుంబాల కోసం పనిచేసే సంఘం, మరొకటి నల్లజాతీయుల హక్కుల సంఘం స్థానిక శాఖ. తరువాత విచారిస్తే ఆ సంఘాలు అలాంటి ఉత్తరాలేవీ రాయలేదని తేలింది. బొగ్గు విద్యుత్తును సమర్థించే ఒక కూటమి తరఫున కుదుర్చుకున్న లాబీయింగ్ సంస్థ నుంచి అవి వెలువడ్డాయి. ఇతర సభ్యులకు కూడా ఇలాంటి దొంగ ఉత్తరాలు వెళ్ళినట్లు బయటపడింది. ప్రతినిధుల సభకు చెందిన ఒక సంఘం దీనిపై విచారణ జరిపింది. పెరియెల్లో బిల్లుకు అనుకూలంగానే ఓటు వేశాడు, 2010 ఎన్నికలలో ఓడిపోయాడు.

దీనిలో గమనించవలసిన విషయం మోసం ఒక్కటే కాదు. దొంగ ఉత్తరం రాయవలసివచ్చిందంటే, నిజమైన స్థానిక సంఘం రాసే ఉత్తరానికి విలువ ఉందని ఆ సంస్థకు బాగా తెలుసునన్నమాట. నకిలీ నోటు ఎక్కడ పుడుతుంది? అసలు నోటు చెల్లే చోటనే కదా.

ఇక రెండవ ప్రయత్నం. 2009కి, 2022కి మధ్య వాదన మారింది. పరిమితి, శిక్ష అనే మాటలు వెనక్కు వెళ్ళి, పెట్టుబడికి పన్ను రాయితీ, స్వదేశీ తయారీ, మంచి వేతనం అనే మాటలు ముందుకు వచ్చాయి. ఈ మార్పుకు కారణమైన వారిలో కార్మిక సంఘాలు ముఖ్యమైనవి. ఉక్కు కార్మికుల యూనియన్, సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ కలిసి 2006లోనే 'బ్లూగ్రీన్ అలయన్స్' అనే కూటమిని ఏర్పరచాయి. ఇంకా ఆసక్తికరమైన విషయం, 2021 ఏప్రిల్‌లో అమెరికా గని కార్మికుల యూనియన్ ఒక పత్రాన్ని విడుదల చేసింది. ఇంధన మార్పు వస్తున్నదని ఒప్పుకుంటూనే, గని ప్రాంతాలలో కొత్త పరిశ్రమలు, పని పోయినవారికి వేతన రక్షణ, ఆరోగ్యం, పెన్షన్ ఉండాలని అది కోరింది. బొగ్గు కార్మికుల యూనియనే 'మార్పు వద్దు' అనకుండా 'మార్పు ఈ షరతులపై' అనడం చిన్న విషయం కాదు.

అప్పటి సెనేట్‌లో రెండు పార్టీలకు చెరి యాభై ఓట్లు. అందువల్ల బొగ్గు రాష్ట్రమైన వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చిన జో మాంచిన్ ఒక్కరి ఓటు నిర్ణయాత్మకమైంది. 2021 డిసెంబర్‌లో అతడు పెద్ద బిల్లును కాదన్నాడు. 2022 జూలై చివరలో చిన్నదైన మరొక బిల్లుకు ఒప్పుకున్నాడు. 'ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం' అనే పేరుతో వచ్చిన ఆ బిల్లుకు ఆగస్టు 7న సెనేట్‌లో ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతో 51–50 ఆమోదం లభించింది. ఆగస్టు 16న అది చట్టమైంది. స్వచ్ఛ ఇంధన చట్టానికి ధరల పేరు పెట్టడం కూడా ఒక రాజకీయ నిర్ణయమేనని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఆ చట్టంలోని మూడు అంశాలను జాగ్రత్తగా చదవండి. ఒకటి, పెద్ద సౌర ప్రాజెక్టు పెట్టేవారికి మూల పన్ను రాయితీ పెట్టుబడిలో 6 శాతమే. స్థానికంగా నిర్ణయమైన వేతనం చెల్లించి, అప్రెంటిస్‌లకు పని ఇస్తే అది ఐదు రెట్లై 30 శాతం అవుతుంది. అంటే మంచి వేతనం అనేది ఉపన్యాసంలో ఇచ్చిన హామీగా మిగలకుండా లెక్కల పుస్తకంలో అంకెగా మారింది. రెండు, 1999 తరువాత బొగ్గు గని మూతపడిన లేదా 2009 తరువాత బొగ్గు విద్యుత్ యూనిట్ మూతపడిన ప్రాంతాలలో ప్రాజెక్టు పెడితే అదనపు రాయితీ ఉంటుంది. మూడు, బొగ్గు ధూళి వల్ల ఊపిరితిత్తులు నల్లబడి జబ్బుపడిన కార్మికులకు సహాయం అందించే నిధి కోసం బొగ్గుపై విధించే పన్నును శాశ్వతం చేశారు. ఈ మూడింటినీ పైన చెప్పిన నాలుగు ప్రశ్నలతో పోల్చి చూసుకోండి. 2009 బిల్లు కంటే ఈ చట్టం ఆ ప్రశ్నలకు చాలా స్పష్టమైన జవాబులు ఇచ్చింది.

అయితే కథ అక్కడితో ముగియలేదు. ప్రభుత్వం మారాక ఈ రాయితీలను తొలగించాలనే ప్రతిపాదన వచ్చింది. అప్పటికి కొత్త కర్మాగారాలు చాలావరకు రిపబ్లికన్ పార్టీ గెలిచిన నియోజకవర్గాలలోనే వెలిశాయి. 2025 మార్చిలో ఆ పార్టీకి చెందిన 21 మంది ప్రతినిధులు, రాయితీలను ఒక్కసారిగా తీసివేయవద్దని తమ నాయకత్వానికి లేఖ రాశారు. కాని జూలైలో తుది బిల్లు సభకు వచ్చినప్పుడు వారిలో దాదాపు అందరూ దానికి అనుకూలంగానే ఓటు వేశారు. సౌర, పవన విద్యుత్తుకు రాయితీల గడువును బాగా కుదించిన ఆ బిల్లు 2025 జూలై 4న చట్టమైంది. లేఖపై సంతకం వేరు, సభలో ఓటు వేరు. శాసనకర్త సానుభూతిగా విన్నంత మాత్రాన పని అయిందని అనుకునేవారు ఈ ఉదాహరణను మరచిపోకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 2009 బిల్లుకు, 2022 చట్టానికి మధ్య కార్మికుల విషయంలో ఉన్న తేడాను మీ సొంత మాటలలో ఐదారు వాక్యాలలో రాయండి.

భారతదేశంలో పరిస్థితి ఎందుకు వేరు?

అమెరికాలో పౌరులు తమ ప్రతినిధికి ఫోన్ చేసి 'ఈ బిల్లుకు ఓటు వేయండి' అని అడుగుతారు. ఆ పద్ధతిని మనదేశంలో ఉన్నది ఉన్నట్లుగా అనుకరిస్తే ఫలితం తక్కువ. కారణం రాజ్యాంగంలోనే ఉంది. 1985లో 52వ సవరణ ద్వారా చేర్చిన పదవ షెడ్యూలు ప్రకారం, పార్టీ జారీచేసిన విప్‌కు విరుద్ధంగా ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వం కోల్పోయే ప్రమాదం ఉంది. కాబట్టి బిల్లు ఓటింగుకు వచ్చే నాటికి మీ ఎంపీ గాని, ఎమ్మెల్యే గాని చేయగలిగింది చాలా తక్కువ. అతని చేతిలో ఏమైనా ఉంటే అది అంతకుముందు దశలలోనే.

ఆ దశలు ఏవి? ముసాయిదా దశ మొదటిది. బిల్లును సభలో పెట్టకముందు కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచి అభిప్రాయాలు తీసుకోవాలని 2014లో కేంద్ర ప్రభుత్వం ఒక విధానాన్ని ప్రకటించింది. అది చట్టం కాదు కనుక ప్రతిసారీ పాటించరు, పాటించినప్పుడు మాత్రం అది మంచి అవకాశం. తరువాతది స్థాయీ సంఘం. పార్లమెంటులో శాఖలకు సంబంధించిన స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కొక్క దానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులు ఉంటారు. ఇంధన శాఖకు కూడా ఒక సంఘం ఉంది. బిల్లు సంఘానికి వెళ్ళినప్పుడు అది తరచుగా పత్రికా ప్రకటన ద్వారా ప్రజల నుంచి వినతిపత్రాలు కోరుతుంది. అక్కడ విప్ ఉండదు, సభ్యులు కొంత స్వేచ్ఛగా మాట్లాడతారు. ప్రశ్నోత్తరాల సమయం, జీరో అవర్, విజ్ఞప్తుల కమిటీ వంటి మార్గాలు కూడా ఉన్నాయి. పార్లమెంటుకు తెలుగులో విజ్ఞప్తి రాస్తే దానికి హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ప్రైవేటు సభ్యుల బిల్లు గురించి మీరు విని ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటివరకు అలాంటివి 14 మాత్రమే చట్టాలయ్యాయి, చివరిది 1970లో. ఒక అంశంపై చర్చ లేవదీయడానికి అది ఉపయోగపడుతుంది, అంతకు మించి ఆశించలేము.

విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయవచ్చు. ఆచరణలో మాత్రం చాలా నిర్ణయాలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి దగ్గర జరుగుతాయి. విద్యుత్ చట్టం, 2003లోని 86(1)(ఇ) ప్రకారం, పునరుత్పాదక వనరుల నుంచి డిస్కంలు ఎంత శాతం విద్యుత్తు కొనాలో మండలి నిర్ణయించాలి. 64వ సెక్షన్ ప్రకారం, టారిఫ్ ప్రతిపాదనలపై ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించాకనే ఉత్తర్వు ఇవ్వాలి. మండలి జరిపే బహిరంగ విచారణకు ఎవరైనా వెళ్ళవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రైతు సంఘాలు, విద్యుత్ ఉద్యోగులు అక్కడ లేవనెత్తే ప్రశ్నలు చాలాసార్లు శాసనసభలో వినిపించే వాటికంటే సూటిగా ఉంటాయి. అయినా విద్యార్థులలో నూటికి తొంభైమంది ఆ విచారణ గురించి వినే ఉండరని చెప్పవలసివస్తున్నది.

చట్టంలో ఉన్నది, లేనిది

శక్తి పొదుపు (సవరణ) చట్టం, 2022 మన దేశంలో ఇటీవలి ముఖ్యమైన చట్టం. నిర్ణీత పరిశ్రమలు శిలాజేతర వనరుల నుంచి కనీసం ఇంత శక్తిని వాడాలని నిర్దేశించే అధికారాన్ని, కర్బన క్రెడిట్ల క్రయవిక్రయ పథకాన్ని రూపొందించే అధికారాన్ని అది కేంద్రానికి ఇచ్చింది. 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే మన నాలుగు ప్రశ్నలను దీనికి వేసి చూడండి. కొత్త పని ఎవరికి రావాలి, గని ప్రాంతానికి ఏం దక్కాలి అన్న వాటికి ఇందులో జవాబు కనిపించదు.

ఆ లోపం నేలమీద ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి మన సరిహద్దునే ఉన్న పావగడను చూడవచ్చు. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, చుట్టూ అనంతపురం ప్రాంతమే కావడంతో అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. దాదాపు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు అక్కడ ఉంది. ప్రభుత్వం రైతుల భూమిని కొనకుండా ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసుకుంది, రెండేళ్ళకు ఒకసారి 5 శాతం పెంపు కూడా ఉంది. వానలు సరిగా పడని ఆ నేలలో భూమి ఉన్న రైతుకు ఇది మంచి ఒప్పందమే అని చెప్పాలి. కాని ఆ పొలాలలో కలుపు తీసిన, వేరుశనగ పీకిన కూలీకి భూమి లేదు కనుక కౌలూ లేదు. గొర్రెలు మేపుకునేవారికి బీడు పోయింది. ఒప్పందంలో సంతకం పెట్టే చోటే లేని మనుషులు వీరు. పూర్వపు ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు సుమారు 5,900 ఎకరాలలో ఉంది. అలాంటి చోట కూడా ఇదే ప్రశ్న అడగాలి.

రామగుండంలో ఈ మార్పు రెండు వైపులా ఒకేచోట కనిపిస్తుంది. ఎన్టీపీసీ బొగ్గు కేంద్రపు జలాశయంపైనే 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్నది. పక్కనే సింగరేణి గనులు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది, కాబట్టి ఆ ఊరి కార్మికుడు హైదరాబాదులోని శాసనకర్తనూ, ఢిల్లీలోని శాసనకర్తనూ ఇద్దరినీ అడగవలసినవాడే. ఏమని అడగవచ్చు? ఒక ఉదాహరణ: 2015లో గనుల చట్టానికి చేసిన సవరణ ప్రకారం గనులున్న జిల్లాలలో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. ఆ నిధిలో కొంత భాగాన్ని గని మూతపడకముందే కార్మికుల పిల్లల శిక్షణకు, కాంట్రాక్టు కార్మికుల పునరుపాధికి కేటాయించాలని కోరవచ్చు. పర్మినెంట్ కార్మికుడిని కంపెనీ వేరే గనికి బదిలీ చేస్తుంది, కాంట్రాక్టు కార్మికుడికి ఆ అవకాశం లేదు.

విజ్ఞప్తి రాయడం

విద్యుత్ (సవరణ) బిల్లు, 2022 చరిత్ర ఇక్కడ ఉపయోగపడుతుంది. 2022 ఆగస్టు 8న లోక్‌సభలో ప్రవేశపెట్టి స్థాయీ సంఘానికి పంపిన ఆ బిల్లులో, పునరుత్పాదక విద్యుత్తు కొనుగోలు లక్ష్యాన్ని చేరని సంస్థలకు జరిమానా ప్రతిపాదన ఉంది. అదే బిల్లులో ఒకే ప్రాంతంలో ఒకటి కంటే ఎక్కువ పంపిణీ సంస్థలను అనుమతించే నిబంధనలు కూడా ఉన్నాయి, వాటిని విద్యుత్ ఉద్యోగుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. చివరకు 17వ లోక్‌సభ రద్దుతో బిల్లు మురిగిపోయింది. అటువంటి బిల్లు గురించి 'సమర్థించండి' అనో, 'వ్యతిరేకించండి' అనో రాస్తే మీ అభిప్రాయం సగం తప్పుగానే చేరుతుంది. ఏ క్లాజు కావాలి, ఏ క్లాజు మారాలి అని రాయాలి.

ఈ రెండు వాక్యాలను పోల్చండి. 'పర్యావరణాన్ని కాపాడే చట్టాలను తమరు సమర్థించవలసిందిగా ప్రార్థిస్తున్నాము.' ఇది చదివి ఏ ఎమ్మెల్యే అయినా తల ఊపి పక్కన పెట్టేస్తారు. రెండవది: 'మన మండలంలో రాబోయే సౌర కేంద్రం కౌలు ఒప్పందంలో, ఆ పొలాలలో పనిచేస్తున్న భూమిలేని కుటుంబాల జాబితా తయారుచేసి, నిర్వహణ పనులలో వారికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలనే షరతు చేర్చేలా వచ్చే సమావేశాలలో ఇంధన శాఖ మంత్రిగారిని ప్రశ్న అడగవలసిందిగా కోరుతున్నాము.' దీనికి అవుననో కాదనో జవాబు చెప్పక తప్పదు. మూడు నెలల తరువాత వెళ్ళి 'ప్రశ్న అడిగారా అండీ?' అని అడగవచ్చు.

సంతకాలు నిజమైనవై ఉండాలి, ఊరి పేరు, వృత్తి రాయాలి. వెయ్యి ఒకే రకం కాగితాల కంటే సర్పంచి, స్వయం సహాయక బృందం, కార్మిక సంఘం, రైతు సంఘం విడివిడిగా తమ తమ మాటలలో రాసిన నాలుగు ఉత్తరాలకు ఎక్కువ బరువు ఉంటుంది. ఎదుటిపక్షం వాదనను ఒక్క వాక్యంలోనైనా చెప్పి జవాబివ్వండి. ఉదాహరణకు, సౌర విద్యుత్తు రాత్రిపూట ఉండదనే అభ్యంతరం నిజమైనదే, దానికి పంప్డ్ స్టోరేజి, బ్యాటరీల ప్రస్తావన లేకపోతే మీ ఉత్తరాన్ని అధికారులు ఒక్క నోట్‌తో కొట్టిపారేస్తారు.

కృత్యం

మీ నియోజకవర్గంలో లేదా దగ్గరలో ఉన్న ఒక విద్యుత్ కేంద్రాన్ని ఎన్నుకోండి. అది బొగ్గు, జల, సౌర, పవన విద్యుత్ కేంద్రాలలో ఏదైనా కావచ్చు. అక్కడ పనిచేసే ముగ్గురితో మాట్లాడండి. వారిలో ఒకరు తప్పనిసరిగా కాంట్రాక్టు కార్మికులై ఉండాలి. పని ఎవరికి, ఎక్కడ, ఎంతకాలం, ఏ వేతనానికి అన్న వివరాలు రాసుకోండి. వాటి ఆధారంగా మీ ఎమ్మెల్యే గారికి గాని, ఎంపీ గారికి గాని ఒకే ఒక్క కోరికతో, ఒక పేజీకి మించకుండా విజ్ఞప్తి రాయండి. అది ఏ సభలో, ఏ దశలో, ఎవరి ద్వారా ముందుకు కదలాలో చివరి పేరాలో స్పష్టం చేయండి. అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి దాని ప్రతిని తీసుకురండి.